మాటలు మీవి

ద్వారకా తిరుమలలో దర్శనం చేసుకుని కొండ దిగి, భీమడోలు స్టేషన్‌కి ఆటో ఎక్కాను. అక్కడ రైలు పట్టుకుని తాడేపల్లిగూడెంలో తమ్ముడి ఇంటికి వెళ్ళాలి. ఆటోలో నాతోపాటు అప్పుడే గుండ్లు చేయించుకుని చందనం పూసుకున్న ఒక కుటుంబం, వాళ్ళ పులిహోర పొట్లాలు, నా ఒళ్ళో ప్రసాదం సంచి. డ్రైవరు కుర్రాడు పాట పెట్టాడు. వీణ మీద ఏదో పాత సినిమా పాట. గుళ్ళున్న ఊళ్ళలో ఇలాంటివి వినపడుతూనే ఉంటాయి కదా అని పెద్దగా పట్టించుకోలేదు. రెండో చరణానికి ముందు మాండొలిన్ ఒక మెలిక తిరిగింది. సంచి మీద పెట్టుకున్న నా వేళ్ళు వాటంతట అవే కదలడం మొదలుపెట్టాయి. ఇదేమిటి, నా వేళ్ళకి ఈ పాట ఇంత బాగా ఎలా తెలుసు అనుకుంటూ ఉండగానే పాట అయిపోయింది. తర్వాతి పాట మొదలయ్యే ముందు స్పీకర్లో ఎవరో పొడిగా దగ్గారు.

ఆ దగ్గు మా నానమ్మది.

"బాబూ, ఆపు! ఆపవయ్యా!" అని కేక పెట్టాను. కుర్రాడు హడలిపోయి బండి పక్కకి తీశాడు.

"ఏమైందండీ? ఏమన్నా పడిపోయిందాండీ అమ్మగారూ?"

"ఏమీ పడలేదు. ఆ పాట మళ్ళీ పెట్టు. ఆ వీణ నాది!"

"మీదంటే... ఈ కేసెట్టు మీ దగ్గర కూడా ఉండేదాండీ?"

"కేసెట్టు కాదయ్యా, వాయించింది నేను!"

అద్దంలోంచి నన్ను పైనుంచి కింది దాకా చూశాడు. నేత చీర, మోకాళ్ళ నొప్పులు, తెల్లజుట్టు. నమ్మలేదని తెలుస్తూనే ఉంది. అయినా మర్యాదస్థుడు. "అలాగాండీ" అని పాట వెనక్కి తిప్పాడు. "ఇది మా నాన్న కేసెట్టండి. ఆయనకి టీ కొట్టుండేదండి. పొద్దున్నే ఇది పెట్టాకే పొయ్యి వెలిగించేవాడండి. అరిగిపోతోందని ఏలూరు పట్టుకెళ్ళి పెన్‌డ్రైవులోకి ఎక్కించాను. అట్ట ఎప్పుడో పోయిందండి, ఎవరు వాయించారో మాకు తెలీదు. ఈ దగ్గు వచ్చినప్పుడల్లా మా నాన్న 'మంచినీళ్ళు కావాలాండీ' అని అడిగేవాడండి, టేప్‌రికార్డర్ని."

గుండు చేయించుకున్న ఆవిడ నా చెయ్యి పట్టుకుని, "నిజంగా మీరేనాండీ?" అంది. నేను నవ్వుతున్నానో ఏడుస్తున్నానో నాకే తెలియలేదు. స్టేషన్ బయట ఆటోలోనే కూర్చుని కేసెట్టు మొత్తం విన్నాను. లోపల రైలు వచ్చింది, వెళ్ళింది. వెళ్తే వెళ్ళనీ అనుకున్నాను.

మాది తాడేపల్లిగూడెంలో ఉల్లిపాయల కొట్టు. కింద వ్యాపారం, పైన కాపురం. లారీలు వచ్చి గోనెసంచులు దింపుతుంటే ఇల్లంతా అదిరేది. ఎండాకాలంలో ఎండిన ఉల్లిపొరలు మేడమెట్ల మీద గులాబీరంగు కాగితాల్లా ఎగురుతుండేవి. వానాకాలంలో తడిసిన సరుకు కుళ్ళడం మొదలుపెడితే ఆ వాసన పుస్తకాల్లోకి, పక్కబట్టల్లోకి, జడలోకి కూడా ఎక్కేది. అంత ఉల్లిపాయల మధ్య మా నానమ్మ మాత్రం ఉల్లిపాయ ముట్టుకునేది కాదు. ఆవిడ వంటిల్లు వేరు. అందులో ఇంగువ, మెంతులు, కాచిన నెయ్యి వాసన. ఆ గుమ్మం దాటితే వేరే ఊరికి వచ్చినట్టుండేది. తెల్లవారుజామునే స్నానం, జపం, ఆ తర్వాత ఇత్తడి గ్లాసులో కాఫీ. మధ్యాహ్నం భోజనమయ్యాక పెరటి గోడవారగా వేసిన నవారు మంచం మీద నడుం వాల్చేది. ఆ మంచాన్ని ఎవరూ కదపడానికి వీల్లేదు. వేసవిలో అక్కడ గాలి ఆడదు, లోపలికి రమ్మని అమ్మ ఎంత బతిమాలినా, "నాకిక్కడే నిద్ర పడుతుందే అమ్మాయ్" అనేది.

నన్ను వీణలో చేర్పించింది నానమ్మే. కానీ ఇంట్లో ఆవిడ పెట్టిన కట్టుబాటు ఒకటుండేది. ఆడపిల్ల సినిమా పాట నోటితో పాడకూడదు. స్నానాలగదిలో కూనిరాగం తీసినా బయటి నుంచి గొంతు సవరించుకునేది. నాకేమో పాటంటే ప్రాణం. రేడియోలో ఒక పాట రెండుసార్లు వింటే చాలు, వీణ మీద దాన్ని వెతుక్కునేదాన్ని. తలుపు వేసుకుని, వీణ మెట్ల మీద వేళ్ళు నెమ్మదిగా జరుపుతూ, పల్లవి దొరికినప్పుడు కలిగే సంతోషం ఇంకెందులోనూ ఉండేది కాదు.

ఏలూరు కాలేజీలో చేరాక రోజూ పాసింజరు రైల్లో వెళ్ళి వచ్చేదాన్ని. అక్కడ కరుణ దొరికింది. వాళ్ళ నాన్నగారిది ఏలూరులో తివాచీల వ్యాపారం. కరుణ మాండొలిన్ వాయించేది. అదీ ఎలక్ట్రిక్ మాండొలిన్. దాన్ని భుజానికి తగిలించుకుని సైకిల్ మీద వస్తుంటే కాలవ గట్టున జనం ఆగి చూసేవారు. మా క్లాసులోనే సత్తిబాబు అని కొల్లేటి లంకల్లోని ఒక ఊరివాడు ఉండేవాడు. వాళ్ళది చేపలు పట్టుకుని బతికే కుటుంబం. మనిషి మాట్లాడేది తక్కువ, చేతులు ఊరుకునేవి కావు. బెంచీ, టిఫిన్ బాక్సు, నోటుపుస్తకం, ఏది దొరికితే దాని మీద దరువు వేసేవాడు. లెక్చరర్లు ఎన్నిసార్లు బయటికి పంపినా, బయట కిటికీ చువ్వల మీద కొనసాగించేవాడు.

ఆ ఏడు కాలేజీ వార్షికోత్సవానికి మా ముగ్గురినీ ఆర్కెస్ట్రాగా వాయించమన్నారు. పాడడానికి సీనియర్ ఒకాయన ఉన్నాడు. తీరా ఆ సాయంత్రం ఆయన గొంతు పూర్తిగా పోయింది. నోరు తెరిస్తే గాలి తప్ప ఏమీ రావడం లేదు. కార్యక్రమం చూసే లెక్చరర్ గారు మా అంశం తీసేద్దాం అన్నారు. కరుణ ఒప్పుకోలేదు.

"మాటలు లేకపోతే ఏంటండీ? అందరికీ వచ్చిన పాటే కదండీ. పల్లవి సుగుణ వీణ మీద వాయిస్తుంది."

"నేనా?" అన్నాను. అప్పటికే మైకు నా ముందు పెట్టేశారు.

పల్లవి మొదటి పాదం వాయించాను. ముందు వరసల్లో గుసగుసలు. రెండో పాదానికి వెనక బెంచీల నుంచి ఎవరో అందుకున్నారు. చరణానికి వచ్చేసరికి హాలు హాలంతా పాడుతోంది! నేను ఒక పాదం వాయించి ఆగితే, వాళ్ళు మాటలతో దాన్ని పూర్తి చేస్తున్నారు. సత్తిబాబు ఢోలక్ మీద నుంచి తల ఎత్తి నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. గట్టు తెగి నీళ్ళు వస్తుంటే చూసే మనిషిలా ఉన్నాడు. నోరు మెదపకుండా అంతమంది చేత పాడించవచ్చని ఆ రోజే తెలిసింది.

ఆ హాల్లో ప్రసాద్ గారని ఒకాయన ఉన్నారు. ఏలూరులో రేడియోలు బాగుచేస్తూ కేసెట్లు అమ్మే కొట్టు ఆయనది. మర్నాడే కాలేజీ గేటు దగ్గరికి వచ్చారు.

"ఏమండీ, మీరు ముగ్గురూ కలిసి ఒక కేసెట్టు చేయకూడదాండీ? పాత పాటలూ, కొత్త పాటలూ, అందరికీ నోటికి వచ్చినవే. గొంతు మాత్రం ఉండదు. ఎవరింట్లో వాళ్ళు పాడుకుంటారు. పేరు కూడా అనుకున్నానండి. 'మాటలు మీవి'."

కరుణ అక్కడికక్కడే గెంతింది. నేను మాత్రం రైల్లో గూడెం వచ్చేదాకా ఇంట్లో ఎలా చెప్పాలా అని గుండెలు పట్టుకుని కూర్చున్నాను. అనుకున్నట్టే నాన్న అంతెత్తున లేచారు.

"కేసెట్టు మీద ఆడపిల్ల పేరా? అదీ సినిమా పాటలా? రేపు సంబంధం మాట్లాడ్డానికి వచ్చినవాళ్ళు ఏమనుకుంటారు?"

అమ్మ నా వైపు చూసింది. నానమ్మ గుమ్మంలో కూర్చుని వక్కపలుకులు కత్తిరిస్తోంది. తల ఎత్తకుండానే అడిగింది.

"ఒరే, అందులో మాటలుంటాయా?"

"ఉండవమ్మా. వీణా, మాండొలినూ, ఏదో ఢోలక్కూనట."

"మాటలే లేకపోతే అది ఫలానా సినిమా పాటని ఎవడు చెప్పొచ్చాడు? వీణ సరస్వతి. దాని మీద ఏం వాయించినా తప్పు లేదు. వెళ్ళనీ. తోడు నేను వెళతాను."

నాన్న ఆవిడ మాట ఎప్పుడూ కాదనలేదు. నేను వీణ గదిలోకి పారిపోయి, తలుపు గడియ వేసుకుని, చప్పుడు కాకుండా ఎగిరాను.

మేము ఎంచుకున్నవన్నీ ప్రేమ పాటలే. వెన్నెల పాటలు, వాన పాటలు, అలక తీర్చే పాటలు. మాటలు లేవు కాబట్టి నానమ్మకి తెలియదులే అని మా ధైర్యం. పాట పట్టుకోవడం ఇప్పటిలా సుళువు కాదు. రేడియోలో ఎప్పుడు వస్తుందో తెలియదు. వచ్చినప్పుడు పల్లవి నేను, మధ్యలో సంగీతం కరుణ, నడక సత్తిబాబు పట్టుకోవాలని ఒప్పందం. ఎవరి ఇంట్లో వాళ్ళం విని, మర్నాడు కాలేజీలో ముక్కలన్నీ అతికేవాళ్ళం. ఒక్కోసారి ఒక ముక్క ఎవరికీ దొరికేది కాదు. అక్కడ కరుణ తన సొంత మెలిక ఏదో పెట్టేసేది. ఆటోలో నన్ను పట్టించిన మెలిక అలాంటిదే.

చెరువుల్లో చేపల పట్టుబడి రోజులు వచ్చాయి. సత్తిబాబు ఊరు వదిలి రావడానికి లేదు. అందుకని సాధనకి మేమే వాళ్ళ ఊరు వెళ్ళాం. రోడ్డు ఆగిపోయిన చోట పడవ ఎక్కాలి. వీణని పాత దుప్పట్లలో చుట్టి పసిపిల్లని పట్టుకున్నట్టు ఒళ్ళో పెట్టుకున్నాను. నానమ్మ పడవ మధ్యలో కూర్చుని, రెండు చేతులతో అంచులు పట్టుకుని, గోవింద నామాలు చదవడం మొదలుపెట్టింది. నీళ్ళ మీద తామరాకులు, తూడు దుబ్బులు, దూరంగా తుమ్మచెట్ల మీద తెల్లగా గూడబాతులు. అవి ఒక్కసారి లేచేసరికి ఆవిడ నామాలు ఆపి, "అబ్బ! ఎంతెంత ముక్కులే వీటికి!" అంది చిన్నపిల్లలా.

ఊళ్ళో అడుగు పెట్టగానే ఎండుచేపల వాసన. నానమ్మ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. సత్తిబాబు వాళ్ళమ్మ అది చూసి నొచ్చుకోలేదు. కొబ్బరిబోండాం కొట్టించి, కడిగిన పీట తెచ్చి చెట్టునీడలో వేసింది.

"మా నీచువాసన మీకు పడదండి పెద్దమ్మగారూ. గాలి ఇటు నుంచి వస్తాదండి, ఇటు కూకోండి."

నానమ్మ కొంగు తీసేసింది. "మా ఇంటికొస్తే నువ్వూ ముక్కు మూసుకుంటావమ్మా. మావన్నీ ఉల్లిపాయలు" అంది. ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ తర్వాత మేము ఎన్నిసార్లు వెళ్ళినా వాళ్ళిద్దరూ ఒకచోటే కూర్చునేవారు. వలలు బాగుచేసుకునే ఆడవాళ్ళు చేతిపని ఆపకుండానే మా పాటలకి మాటలు కలిపేవారు. ఏ పాటకి వాళ్ళు కలపడం లేదో అది కేసెట్టులోంచి తీసేయమని సత్తిబాబు చెప్పేవాడు. అలా రెండు పాటలు పోయాయి.

రికార్డింగుకి స్టూడియో ఎక్కడిది? ప్రసాద్ గారు బెజవాడలో స్నేహితుడి దగ్గర ఒక ఆదివారానికి మెషీనూ మైకులూ అడిగి తెచ్చారు. చోటు కరుణ చూపించింది, వాళ్ళ నాన్నగారి తివాచీల గిడ్డంగి. నాలుగు గోడల వారగా చుట్టచుట్టిన తివాచీలు కప్పు దాకా ఉన్నాయి. లోపలికి వెళ్ళి తలుపు మూస్తే రోడ్డు మీది రిక్షా గంటలు, కాలవ దగ్గర బట్టలుతికే చప్పుడు, అన్నీ ఆగిపోయాయి. ఉన్ని వాసన, రంగుల వాసన. ఫ్యాను వేస్తే చప్పుడు వస్తుందని ఆపేశారు. నానమ్మ ఒక తివాచీ చుట్ట మీద మహారాణిలా కూర్చుంది.

ఒకరు తప్పితే పాట మొత్తం మొదటి నుంచి వాయించాలి. కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు. సాయంత్రం బస్సుకి మెషీను బెజవాడ వెళ్ళిపోవాలి. మొదటి పాటకే నా వేళ్ళు చెమటకి తీగల మీద జారాయి. మూడో పాటలో మంద్రం తీగ టప్పున తెగింది. సత్తిబాబు చొక్కా తడిసి ఒంటికి అతుక్కుపోయింది. కరుణ మాత్రం కళ్ళు మెరుస్తూ, "ఇంకోటి, ఇంకోటి!" అంటూనే ఉంది. మధ్యాహ్నం దాటాక ఏదో జరిగింది. ఒకరి ఊపిరి ఒకరికి వినపడుతున్నట్టు అయింది. నేను గమకం పొడిగిస్తే సత్తిబాబు అక్కడే కాచుకుని ఉన్నాడు. కరుణ నా వైపు చూడకుండానే నా వెంట వస్తోంది. పాట మీద పాట తప్పు లేకుండా వెళ్ళిపోతోంది. అంతటి సంతోషం నేను అంతకు ముందు ఎరగను.

చివరి నుంచి రెండో పాట. దాని ఆఖరి స్వరం గాలిలో ఇంకా మోగుతోంది, ప్రసాద్ గారి చెయ్యి మెషీను ఆపడానికి వెళుతోంది. సరిగ్గా అప్పుడు ఉన్ని నూగు గొంతులో పడి నానమ్మ దగ్గింది. అందరం కొయ్యబారిపోయాం. "మళ్ళీ తీద్దామండీ" అని ప్రసాద్ గారు అంటుండగానే మెషీను దీపం ఆరింది. కరెంటు పోయింది. అది వచ్చేసరికి చివరి పాటకి తప్ప టైము మిగలలేదు. ఆ దగ్గు అలాగే ఉండిపోయింది.

చివరి పాట కూడా అయ్యాక ప్రసాద్ గారు మొదటి నుంచి కాస్త వినిపించారు. మేము తల వంచుకుని వింటున్నాం. ఎక్కడి నుంచో సన్నటి గొంతు. తివాచీ చుట్ట మీద నానమ్మ కళ్ళు మూసుకుని, తొడ మీద తాళం వేసుకుంటూ, పాటకి మాటలు పాడుతోంది! పల్లవే కాదు, రెండో చరణం కూడా. నాకు చరణంలో సగం మాటలు రావు. ఆవిడకి అన్నీ వచ్చు. అన్నీ ప్రేమ మాటలే.

"నానమ్మా! నీకీ పాటలు తెలుసా?"

"తెలియకేమే" అంది కళ్ళు తెరవకుండానే. "మన పెరటి గోడ అవతల ఏముంది? సినిమా హాలు. నేను ఒక్క సినిమా చూసిన పాపాన పోలేదు. మీ తాతయ్య తీసుకెళ్ళలేదు, నేను అడగలేదు. మధ్యాహ్నం ఆటకి పాటలు మాత్రం గోడ దూకి వచ్చేవి. నా మంచం ఎందుకు జరపనివ్వనో ఇప్పుడు తెలిసిందా?"

"మరి నన్ను పాడనిచ్చేదానివి కాదుగా?"

నానమ్మ కళ్ళు తెరిచింది. "నన్ను మా అత్తగారు పాడనివ్వలేదే. అలాగే ఉండాలి కాబోలు అనుకున్నాను" అంది. ఆ తర్వాత నా గడ్డం పట్టుకుని, "మేం వాయించేది ఈవిడకేం తెలుస్తుందిలే అనుకున్నావు కదూ?" అంది. కరుణ తివాచీల మీద పడి దొర్లి దొర్లి నవ్వింది. సత్తిబాబు చేతులు కట్టుకుని నిలబడి, "ఆయ్, పెద్దమ్మగారి గొంతు కూడా ఎక్కించాల్సిందండీ" అన్నాడు. మెషీను సర్దేస్తున్నారు. బస్సు టైమైంది.

కేసెట్టు బాగా తిరిగింది. కాఫీ హోటళ్ళలో, పెళ్ళి భోజనాల్లో, కొల్లేటి గట్టు మీద నడిచే బస్సుల్లో వినపడేది. ఒకసారి రైల్లో ఒక కాలేజీ పిల్లల జట్టు ఆ పాటలకి పోటీగా మాటలు పాడుతుంటే, ఎదురు సీట్లో కూర్చుని మేమెవరమో చెప్పకుండా మురిసిపోయాం. రెండో కేసెట్టు చేద్దామనుకున్నాం. నాకు చింతలపూడి సంబంధం కుదిరింది, పామాయిల్ తోటల వాళ్ళు. కరుణకి బ్యాంకు ఉద్యోగం వచ్చి ఊళ్ళు తిరిగింది. సత్తిబాబు చేపల చెరువుల పనిలో పడ్డాడు. ఎవరూ ఎవరినీ ఆపలేదు, ఎవరి మీదా నిష్ఠూరం లేదు. నా వీణ మీద మా పిల్లలు బట్టలు ఆరేసిన రోజులు కూడా ఉన్నాయి. నానమ్మ పోయేదాకా ఆ మంచం మాత్రం గోడవారనే ఉంది. హాలు మూతపడి పాటలు రావడం మానేశాక మా కేసెట్టే ఆవిడ తలగడ పక్కన మోగేది.

భీమడోలు స్టేషన్‌ బయటి నుంచే ఇద్దరికీ ఫోన్ చేశాను. కరుణ విని ఒకటే అరుపు. సత్తిబాబుకి మొదట ఏమీ అర్థం కాలేదు. అర్థమయ్యాక, "ఎక్కడున్నారండీ? అక్కడే ఉండండి, వచ్చేత్తన్నా" అని బయల్దేరబోయాడు. ఆపడానికి చాలా కష్టమైంది. ఆ వారంలోనే ఏలూరులో కరుణ ఇంట్లో కలిశాం. చింతలపూడి నుంచి బస్సులో వీణ తెచ్చాను. తీగలు మార్పించాను కానీ వేళ్ళు మార్పించలేం కదా. మొదటి పాట ఘోరంగా వచ్చింది. నా వేళ్ళు బిగుసుకుపోయాయి, కరుణ కళ్ళజోడు జారిపోతోంది, సత్తిబాబు ఒక ఆవర్తం ముందు పరిగెత్తాడు. కరుణ కోడలు వంటింట్లోంచి తొంగి చూసి నవ్వు ఆపుకుంది.

ఆ అమ్మాయే తన ఫోన్లో ఒక కొత్త పాట పెట్టింది. ఈమధ్యే వచ్చిందట. మేము ముగ్గురం ఎప్పుడూ వినలేదు. "ఇది ప్రయత్నించండి అత్తయ్యా, ఎన్నిసార్లు కావాలంటే అన్నిసార్లు పెడతాను" అంది. అప్పుడైతే ఒక పాట కోసం రేడియో దగ్గర ఊపిరి బిగబట్టి కూర్చునేవాళ్ళం. ఇప్పుడు వేల పాటలు అరచేతిలో ఉన్నాయి. ఒకరు పక్క గదిలో వాయించినా తర్వాత కలిపేయవచ్చని ఆ అమ్మాయి చెప్పింది. కరెంటు పోయినా బాధ లేదు, దగ్గినా తుడిచేయవచ్చు. అవన్నీ మంచివే. నేను కాదనను. కానీ ఆ మధ్యాహ్నం మేము ఫోన్లో ఆ పాట రెండుసార్లే పెట్టమన్నాం. పల్లవి నేను, మధ్యలో సంగీతం కరుణ, నడక సత్తిబాబు. ఎవరూ చెప్పకుండానే ఎవరి ముక్క వాళ్ళం పట్టుకున్నాం.

మొదటి పాదం దొరికింది. చరణంలో ఒక చోట ఎవరికీ ఏమీ దొరకలేదు. కరుణ అక్కడ తనకి తోచిన మెలిక పెట్టేసి, కళ్ళజోడు మీదుగా నా వైపు దొంగచూపు చూసింది. కోడలు చేతిలోని గరిటె పక్కన పెట్టి గుమ్మంలో నిలబడి మాటలు అందుకుంది. వీధిలో ఇడ్లీ బండి అబ్బాయి ఆగి గేటు మీద చేతులు పెట్టుకున్నాడు. పాట చివరికొచ్చింది. నేను ఆఖరి మీటు వేసి వీణ మీద చెయ్యి ఆనించాను. కరుణ కూడా ఆపింది. సత్తిబాబు ఆపలేదు. తల వంచుకుని, అరవై దాటిన ఆ చేతులతో ఢోలక్ వాయిస్తూనే ఉన్నాడు.

"అయిపోయింది సత్తిబాబూ!" అన్నాను.

"ఎక్కడయిందండీ, ఇప్పుడేగా చేతులు తిరిగాయి" అన్నాడు తల ఎత్తకుండా. "కానివ్వండి, కానివ్వండి."

మళ్ళీ పల్లవి ఎత్తుకున్నాను.